కెరమెరి ఘాట్‌లో మూడో గేరు

షెడ్డు మానేసి నాలుగేళ్ళయినా నా ఫోను మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఎక్కడెక్కడి కుర్ర మెకానిక్కులో వేళాపాళా లేకుండా వాట్సాప్‌లో ఫొటోలు పంపుతుంటారు. పాత పది టైర్ల లారీ, గేర్‌బాక్స్ పోయింది, కంపెనీ సామాను ఇప్పుడు రావడం లేదు, ఐదు గేర్లది పెట్టాలా, ఆరు గేర్లదా, తొమ్మిది గేర్లదా అని అడుగుతారు. నేను జవాబు చెప్పే ముందు ఒక ప్రశ్న వేస్తాను. "లోడుతోని ఎక్కుతదా, లోడుతోని దిగుతదా?" ముసలాయనకు చెవులు సరిగ్గా వినపడడం లేదని అనుకుంటారు కాబోలు. ముప్ఫై ఏళ్ళు పానా పట్టినా నాకు ఆ ప్రశ్న తట్టలేదు. ఒక్క పొద్దుటి పూట నేర్చుకున్నాను. ఎట్లా నేర్చుకున్నావో రాయి తాతా అని ఆ కుర్రాళ్ళలో ఒకడు అడిగాడు కాబట్టి రాస్తున్నాను. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదని ముందే చెబుతున్నాను.

మాది నస్పూర్‌లో రోడ్డు పక్కన రేకుల షెడ్డు. గేర్‌బాక్స్ పని తప్ప ఇంకోటి ముట్టుకునేవాళ్ళం కాదు. చుట్టూ బొగ్గు గనులు. మా దగ్గరికి వచ్చే బండ్లలో ముప్పాతిక వంతు ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు మోసే టిప్పర్లే. ఖాళీగా గోతిలోకి దిగడం, నిండా నింపుకుని పైకి ఎక్కడం, ఇదే వాటి బతుకు. అందుకని మా షెడ్డులోకి ఎవరు ఏ బండి తెచ్చినా మా నోట్లోంచి మొదట వచ్చే మాట "ఎంత లోడు, ఎంత ఎక్కుడు?" అనే. దిగుడు సంగతి ఎవరూ అడిగేవారు కాదు. ఖాళీ బండి దిగడానికి ఏముంది? రిపేరయ్యాక పెట్టే పరీక్ష కూడా అలాంటిదే. బండిలో ఇసుక బస్తాలు వేసి మంచిర్యాల రైల్వే బ్రిడ్జి ఎక్కించేవాళ్ళం. రెండో గేరులో మూలగకుండా ఎక్కితే పాసైనట్టు. అవతలి వైపు దిగేటప్పుడు మేం బీడీలు ముట్టించుకునేవాళ్ళం.

ఆ షెడ్డుకు నేను హెడ్ మిస్త్రీని. నా తర్వాత లెక్కకు వచ్చే మనిషి లేత్ మిషన్ నడిపేవాడు. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పుట్టినవాడు, మగ్గం కూలీతో ఇల్లు గడవక లేత్ పని నేర్చుకుని మా వైపు వచ్చాడు. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేకపోయినా 'బావా' అంటే 'బావా' అనుకునేవాళ్ళం. నేను పొద్దంతా అరుస్తూనే ఉండేవాణ్ణి. ఆయన రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ పదిలో నేను ఎన్ని విన్నాను అన్నదే ఈ కథ.

జిల్లాలు కొత్తగా విడిపోయిన రోజుల్లో జైనూర్ నుంచి ఒక లారీ వచ్చింది. బండి పాతదే కానీ తోమి పెట్టిన బిందెలా ఉంది. యజమానీ, డ్రైవరూ ఒకడే. నలభై దాటిన మనిషి. వేరే పొలం పుట్రా లేవు, ఆ లారీ తిరిగితేనే ఇల్లు. సోయా పంట కోతకు ఇంకా నెల ఉంది, ఆలోగా బండి సిద్ధం కాకపోతే ఏడాది పని పోయినట్టే అన్నాడు. నేను క్యాబిన్‌లోకి తొంగి చూశాను. గేరు రాడ్డుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని రెండో కొసను సీటు కింద కొక్కేనికి తగిలించి ఉంది.

"గిదేంది తమ్మీ?" అన్నాను.

"మూడో గేరు ఉంటలేదన్నా. ఎగిరి బయటికొస్తుంది. గందుకే ట్యూబుతోని గట్టిన."

"మంచిగనే కనిపెట్టినవ్. పెండ్లి పిల్లగాని కొంగు ముడేసినట్టు ఎన్ని దినాలు గట్టుకుంట తిరుగుతవ్? సరే గని, ఎంత లోడు, ఎంత ఎక్కుడు?"

"ఎక్కుడంటే కెరమెరి ఘాట్ ఉన్నదన్నా. మస్తు ఎక్కుడే. గని మేం ఎక్కేటప్పుడు..."

"సమజైంది, సమజైంది" అని నేను బండి కిందికి దూరాను. ఘాట్ అన్న మాట చెవిన పడగానే నా బుర్రలో గేర్‌బాక్స్ ఖాయమైపోయింది. ఆ మనిషి సగంలో మింగేసిన మాట ఏమిటో నేను అడగలేదు.

పాత గేర్‌బాక్స్ దించి చూస్తే పై డబ్బా పగిలి ఉంది, బేరింగులు పోయాయి, మూడో గేరు పళ్ళు అరిగాయి. లేత్ బావ ఆ మూడో గేరును కిరోసిన్‌లో కడిగి, వెలుతురులోకి పట్టుకుని, చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"బావా, గిది జూడు జర. పండ్లు ముంగటి దిక్కు కొత్తగనే ఉన్నయ్. ఎన్క దిక్కే తినుకపోయినయ్."

ఇక్కడ మీకు ఒక్క ముక్క చెప్పాలి. గేరు పంటికి రెండు ముఖాలు ఉంటాయి. ఇంజిన్ బండిని లాగుతున్నప్పుడు ఒక ముఖం పని చేస్తుంది. బండి దిగుడులో పడి, బరువు వెనక నుంచి తోస్తుంటే, ఇంజిన్ దాన్ని ఆపి పట్టుకున్నప్పుడు రెండో ముఖం పని చేస్తుంది. మా టిప్పర్లలో ఎప్పుడూ మొదటిదే అరిగేది. వెనక ముఖం అరిగిన గేరు అంతకుముందు నా చేతికి వచ్చి ఉంటే గింటే నేను గమనించి ఉండను.

"ఎన్క దిక్కు తింటే ఏంది, ముంగటి దిక్కు తింటే ఏంది? పన్ను పోయింది, గంతే గదా. నువ్వు పోయి బుష్ కొయ్యి" అన్నాను. ఆయన గేరును బట్టతో తుడిచి, మూలన పెట్టి, లేత్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంకెవరైనా అయితే గట్టిగా వాదించేవాళ్ళు. నా నోటికి భయపడి ఊరుకున్నాడని అప్పుడు అనుకున్నాను.

అప్పుడు నా ముందు మూడు దారులున్నాయి. అదే రకం ఐదు గేర్ల పాత బాక్స్ ఎక్కడైనా వెతికి తేవడం ఒకటి. తొమ్మిది గేర్లది పెట్టాలంటే ఛాసిస్ మీద అడ్డపట్టీ కోసి జరపాలి, అదొక పెద్ద శస్త్రచికిత్స. మూడోది మా షెడ్డులోనే ఉంది. ఓ టిప్పర్ నుంచి దించిన ఆరు గేర్ల బాక్స్. నా చేత్తో బాగు చేసినది, దాని గోళీలు బేరింగులు అన్నీ కొత్తవి. దాని మొదటి గేరు బలం చూస్తే నాకు ముచ్చటేసేది. పై గేరు మైదానంలో డీజిల్ మిగులుస్తుంది. ఘాట్ ఎక్కే బండికి ఇంతకంటే ఏం కావాలి? గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు పోయే జాయింటు రాడ్డు పొట్టి చేయించి, అది బిగించేశాను. ఇసుక బస్తాలతో బ్రిడ్జి ఎక్కించాం. ఏనుగులా ఎక్కింది. జైనూర్ మనిషి సంతోషపడి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, నా రెండు చేతులూ పట్టుకుని ఊపి వెళ్ళాడు. నేను ఆ వారమంతా ఎవరు దొరికితే వాళ్ళకు ఆ బండి గురించి చెప్పుకున్నాను.

సోయా మొదలైన పదిహేను రోజులకు ఆ బండి మళ్ళీ వచ్చింది.

"బ్రేకు లైనర్లు అరిగిపోయినయ్ అన్నా. ఏసి నెల కాలే."

"బ్రేకులకు నా దగ్గరికొస్తే ఏం జెయ్యాలె? బ్రేకు మిస్త్రీ దగ్గరికి పో" అన్నాను. పాపం, వెళ్ళాడు.

ఇంకో పది రోజులకు మళ్ళీ వచ్చాడు. ఈసారి పక్క సీట్లో ఆయన భార్య కూడా ఉంది. సరుకు ఎక్కించే చోట, దించే చోట ఆమే ముందు నిలబడి పని చేయిస్తుందట. ఏ ట్రిప్పయినా ఇద్దరూ కలిసే తిరుగుతారని అప్పుడే తెలిసింది. వాళ్ళ వైపు మాటలో మరాఠీ కలుస్తుంది, అన్నను దాదా అంటారు. ఆమె కిందికి దిగి, కొంగు సర్దుకుని నేరుగా నా ముందుకు వచ్చింది.

"దాదా, గీ కొత్త డబ్బ వెట్టినప్పటి సంది ఘాట్ దిగేటప్పుడు మాడు వాసన వస్తుంది. మునుపు ఎన్నడు రాలే."

"క్లచ్ ప్లేటు కొత్తది చెల్లే. కొన్ని దినాలు గట్లనే వస్తది. ఫికర్ జెయ్యకు."

ఆ మాట చెప్పేటప్పుడు నా మీద నాకే పూర్తి నమ్మకం లేదు. క్లచ్ ప్లేటు వాసన రెండు మూడు రోజులు వస్తుంది, నెలంతా రాదు. కానీ హెడ్ మిస్త్రీని కదా, తెలియదు అనడం నోటికి అలవాటు లేదు. ఆమె నా ముఖంలోకి ఒక్క నిమిషం చూసి బండి ఎక్కింది.

వాళ్ళు వెళ్ళాక లేత్ బావ తన పది మాటల్లో కొన్ని ఖర్చు పెట్టాడు. "బావా, నువ్వు ఒక్కపారి ఆ బండి ఎక్కి పోయి చూసి రారాదు?"

మా షెడ్డులో హెడ్ మిస్త్రీ బ్రిడ్జి దాటి ఏ బండిలోనూ వెళ్ళడు. బండే మన దగ్గరికి రావాలి, మనం బండి దగ్గరికి వెళ్ళేది లేదు. ఎవరు పెట్టారో తెలియదు గానీ అదొక మర్యాదలా నడిచిపోయింది. అయినా ఆ రోజు నాకు గుచ్చుకున్నట్టు అయింది. లైనర్లు ఎందుకు అరుగుతున్నాయి? ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది? ఆలోచించినకొద్దీ అంతు చిక్కలేదు. బావ నోరు మూయించాలని కొంత, తెలుసుకుందామని ఎక్కువా, ఆ తర్వాతి ట్రిప్పుకు లారీలో ఎక్కి కూర్చున్నాను.

జైనూర్ వెళ్ళేటప్పుడు బండిలో పది ఉప్పు బస్తాలు, కొన్ని సబ్బు పెట్టెలు, ఎవరివో నాలుగు ఇనుప కుర్చీలు. అంతే. కెరమెరి ఘాట్ దగ్గర బండి మూడో గేరులో ఆడుతూ పాడుతూ ఎక్కేసింది. నా ముచ్చట మొదటి గేరు అవసరమే రాలేదు.

"ఎప్పుడు గింతే లోడు ఉంటదా?" అన్నాను.

"పైకి ఏముంటదన్నా. ఒక్కొక్కపారి గిది గూడ ఉండది, ఖాళీగ పోతం."

ఆ మాట విన్నాను. అయినా గట్టిగా పట్టించుకోలేదు. కిటికీలోంచి అడవి చూస్తూ కూర్చున్నాను. మోదుగులు, టేకులు, ఎక్కడో ఒక గూడెం, మేకలు. బొగ్గు ధూళి లేని గాలి పీల్చి చాలా రోజులయింది.

మర్నాడు పొద్దున్నే జైనూర్‌లో సోయా బస్తాలు ఎక్కించారు. బాడీ అంచు దాటి, పైన తాడు బిగించే దాకా ఎక్కించారు. స్ప్రింగు పట్టాలు వంగి సాపయ్యాయి. ఆయన భార్య జొన్న రొట్టె, వెల్లుల్లి కారం పెట్టింది. తిని బయటికి వచ్చేసరికి ఆమె అప్పటికే క్యాబిన్ ఎక్కి కూర్చుని ఉంది. నన్ను చూసి దిగింది. "నువ్వు కూసో దాదా, నీకు మంచిగ గనవడాలె. ఇయ్యాల నేను రాను" అంది.

ఘాట్ పైన ఒక మలుపు దగ్గర బండి ఆపాడు. దిగి నాలుగు పక్కలా తిరిగి, చక్రాల బ్రేకు డ్రమ్ముల మీద అరచేయి పెట్టి చూసి, మళ్ళీ ఎక్కాడు.

"ఏ గేరుల దిగుమంటవ్ మిస్త్రీ?"

"రోజు ఎట్ల దిగుతవో గట్లనే దిగు."

మూడో గేరు వేసి వదిలాడు. మొదటి మలుపు దాటగానే నాకు విషయం అర్థమైపోయింది. బండి పరుగు పెడుతోంది. మూడో గేరు దాన్ని పట్టుకోలేకపోతోంది. ఆయన బ్రేకు తొక్కుతాడు, వదులుతాడు, మళ్ళీ తొక్కుతాడు. పాత బాక్స్‌లో మూడో గేరు ఈ దిగుడుకు సరిగ్గా కుదిరి ఉండేది, బరువును ఇంజినే పట్టుకుని నడిపించేది, ఆయన కాలు బ్రేకు మీద ఊరికే ఉండేది. నేను పెట్టిన బాక్స్‌లో రెండో గేరు నత్తనడక, ఇంజిన్ చిరిగిపోయేలా అరుస్తుంది. మూడోది మరీ దూకుడు. ఆ రెండింటి మధ్య ఏమీ లేదు. బొగ్గు గోతికి ఆ మధ్య అవసరం లేదు. ఈ ఘాట్‌కు కావలసింది ఆ మధ్యే.

మూడో మలుపులో ఆర్టీసీ బస్సు ఎదురొచ్చింది. దానికి దారి ఇవ్వడానికి చాలాసేపు బ్రేకు మీద నిలబడాల్సి వచ్చింది. బస్సు పోయింది. మాడు వాసన గుప్పున వచ్చింది. ఆ తర్వాత ఆయన కాలు నొక్కుతున్నాడు గానీ కాగిపోయిన బ్రేకులు పట్టక బండి తగ్గడం లేదు.

"తొక్కుతున్న గని పడుతలేదు మిస్త్రీ" అన్నాడు మెల్లగా.

"రెండోది ఎయ్యి! రెండో గేరుకు దించు!"

ఆయన వినలేదు. ముందుకే చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా గేర్లతో బతికిన చెయ్యి కదా, నాకు తెలియకుండానే రాడ్డు మీద పడింది. ఆయన ఎడమ చేత్తో నా మణికట్టు మీద ఒక్కటేశాడు.

"చెయ్యి తియ్! న్యూట్రల్ల పడ్డదంటే ఇద్దరం పోతం!"

నిజమే. ఆ వేగంలో రెండో గేరు పడదు. మూడోది వదిలి, రెండోది పడకపోతే బండికి ఇంజిన్ పట్టు కూడా పోతుంది. ఆ సంగతి నేను ఎంతమంది డ్రైవర్లకు చెప్పి ఉంటానో లెక్క లేదు. షెడ్డులో నిలబడి చెప్పేటప్పుడు తెలిసింది, సీట్లో కూర్చున్నప్పుడు మరిచిపోయాను. నేను చెప్పినట్టు ఆయన చేసి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

ఎడమ పక్క గుట్ట, కుడి పక్క లోయ. ఆయన హారన్ మోగిస్తూనే బండిని ఎడమకు, ఎడమకు జరిపి, గుట్ట వెంబడి ఉన్న వాన నీటి కాలువలోకి రెండు చక్రాలు దించాడు. బాడీ మట్టి కట్టకు ఒరుసుకుని కీచుమంది. అద్దం పగిలి నా ఒళ్ళో పడింది. బస్తాలు చినిగి సోయా గింజలు కిటికీలోంచి నా మెడ మీద కురిశాయి. తర్వాతి మలుపు ఇంకో ఇరవై అడుగులు ఉందనగా బండి ఆగింది.

ఇద్దరం దిగాం. ముందు చక్రాలకు రాళ్ళు పెట్టాం. డ్రమ్ముల నుంచి పొగ వస్తోంది. నేను రోడ్డు పక్కన కూలబడ్డాను. ఆయన వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. తిడతాడని ఎదురు చూశాను. తిడితే బాగుండేది.

"మిస్త్రీ, ఎంత ఎక్కుడు అని అడిగినవ్. ఎక్కేటప్పుడు నా బండ్ల ఉప్పు, సబ్బులు. దిగేటప్పుడే లోడు. నేను చెప్పబోయిన. నువ్వు ఇనలే."

"అవు" అన్నాను.

ఆయన పగిలిన అద్దం వైపు, ఆ పక్క నొక్కుకుపోయిన తలుపు వైపు చూస్తూ అన్నాడు. "నువ్వు కూసున్న జాగల రోజు ఆమె కూసుంటది."

నాకు ఏడుపు వచ్చింది. ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆయనకు కనపడే ఉంటుంది.

డ్రమ్ములు చల్లారాక మొదటి గేరులో మెల్లగా దిగాం. దిగాం అంటే ఆయన దింపాడు. నేను బండి పక్కన చెక్క దిమ్మె పట్టుకుని నడిచాను, బండి జారితే చక్రం కింద వేయడానికి. క్లీనర్ చేసే పని. నస్పూర్ హెడ్ మిస్త్రీ కెరమెరి ఘాట్ మొత్తం దిమ్మె పట్టుకుని నడిచి దిగాడని తర్వాత ఎవరి ద్వారానో మా షెడ్డుకు తెలిసింది. నేను కాదనలేదు.

మూడో రోజు షెడ్డుకు వెళ్ళగానే మూలన ఉన్న ఆ పాత గేరును వెతికి తీశాను. దుమ్ము తుడిచి, పంటి ముందు ముఖం మీద గోరు గీశాను. జారిపోయింది. వెనక ముఖం మీద గీశాను. గోరు గుంటలో తట్టుకుని ఆగింది. ఒక్కొక్క పన్నూ అంతే. ఆ బండి బతుకంతా ఆ పళ్ళ మీద రాసి పెట్టి ఉంది. కడిగి, వెలుతురులో చూపించి మరీ చెప్పిన మనిషి ఉన్నాడు. చదవలేకపోయింది నేను.

లేత్ బావ నా వెనక వచ్చి నిలబడ్డాడు. 'నేను చెప్పలే?' అంటాడని తల దించుకున్నాను.

"చాయ్ తాగుతవా బావా?" అన్నాడు.

చాయ్ తాగుతూ అడిగాను, నీకు ఈ చూపు ఎట్లా వచ్చిందని. ఇన్నేళ్ళు పక్కపక్కన పని చేసినా అంతకుముందు ఆయన్ని నేను ఏదైనా అడిగిన గుర్తు లేదు. వాళ్ళ బాపు మగ్గంలో నూలును అటూ ఇటూ మోసుకుపోయే నాడెను చేతిలోకి తీసుకుని, ఏ పక్క అరిగిందో చూసి, మగ్గం ఏ దిక్కు గట్టిగా కొడుతోందో చెప్పేవాడట. మగ్గం దగ్గరికి వెళ్ళకుండానే చెప్పేవాడట. "సామాను అబద్ధమాడది, మనం అడగాలె గంతే అనేటోడు మా బాపు" అన్నాడు. ఆ రోజు ఆయన మాటలు పది దాటాయి. నేను అడ్డు రాలేదు.

తర్వాత ఇద్దరం కలిసి బయల్దేరాం. కరీంనగర్‌లో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాం, దొరకలేదు. చివరికి కొండగట్టు వెళ్ళే దారిలో పాత లారీలు విప్పి అమ్మే చోట అదే రకం ఐదు గేర్ల బాక్సులు మూడు కనపడ్డాయి. దుకాణం మనిషి వేరే ఆరు గేర్లది చూపించి, ఇది తీసుకోండి సార్, నిగనిగలాడుతోంది అన్నాడు. నెల కిందట అయితే నేను అదే ఎత్తుకొచ్చేవాణ్ణి. ఈసారి సుద్దముక్క అడిగి తీసుకున్నాను. లోపలికి వచ్చే షాఫ్టు మీద ఒక గీత, బయటికి పోయే షాఫ్టు మీద ఒక గీత గీసి, మూడో గేరు వేసి, చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాం. బయటిది ఒక్క చుట్టు తిరగడానికి లోపలిది ఎన్ని చుట్లు తిరిగితే ఆ గేరుకు అంత పట్టు. మా పాతదాని రకమైన ఆ బాక్సుల్లో మూడుకు కాస్త తక్కువ. తర్వాత షెడ్డులో అదే లెక్క చూస్తే, నేను బిగించిన టిప్పర్ బాక్స్‌లో రెండో గేరుకు ఐదు, మూడోదానికి రెండున్నర కూడా లేదు. ఇంత చిన్న లెక్క బిగించక ముందు చేసి ఉండాల్సింది. సుద్దముక్క మా షెడ్డులో లేక కాదు.

మూడింటిలోనూ పంటి వెనక ముఖం మంచిగా ఉన్నదాన్ని ఎంచుకున్నాం. బావ అన్నాడు, ఇది మైదానంలో తిరిగిన బండిది, దిగుడు ఎరగదు అని. ఈసారి ఎట్లా తెలుసు అని అడిగి, పక్కన కూర్చుని చూపించుకున్నాను. మూడో గేరు ఎగిరి రాకుండా ఫోర్కు, స్ప్రింగు, గోళీ అన్నీ కొత్తవి వేశాం. బిగించాక మా వాళ్ళు అలవాటు కొద్దీ ఇసుక బస్తాలు మోసుకొచ్చారు. వద్దన్నాను.

"గీ బండికి పరీక్ష బ్రిడ్జి మీద కాదు. నేను జైనూర్ పోతున్న" అన్నాను. షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

జైనూర్‌లో లోడు ఎక్కించాక ఆయన నన్ను అడిగాడు. "కూసుంటవా మిస్త్రీ?" ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు. నేను వెనక్కి తగ్గినా ఏమీ అనేవాడు కాదని ఇప్పటికీ అనుకుంటాను.

"కూసుంట. గని చెల్లె గూడ వస్తనంటే రానీ. ఇరుకైనా సరే" అన్నాను. అన్నాక భయమేసింది. నా ఒక్కడి ప్రాణమైతే అది వేరే సంగతి. ఆమె ఎక్కి మా ఇద్దరి మధ్య కూర్చుంది.

ఘాట్ పైన ఆపాడు. డ్రమ్ములు ముట్టుకుని చూశాడు. ఎక్కి మూడో గేరు వేశాడు. బండి మెడ వంచి కిందికి దిగడం మొదలుపెట్టింది. నేను అడవి వైపు చూడలేదు, లోయ వైపు చూడలేదు. ఆయన కుడి కాలు వైపే చూస్తూ కూర్చున్నాను. మొదటి మలుపులో ఒకసారి బ్రేకు మీదికి వెళ్ళి వెనక్కి వచ్చింది. రెండో మలుపులో వెళ్ళలేదు. ఇంజిన్ ఒకే గొంతుతో గుర్రుమంటూ, అంత బరువునూ పట్టుకుని, ఒకే నడకన దింపుతోంది. మేం ఒరుసుకుని ఆగిన చోటు దాటాం. ఆ తర్వాతి మలుపులో ఆయన చెప్పు విడిచి, ఆ కాలును నేల మీద చాపి పెట్టుకున్నాడు.

ఘాట్ అయిపోయి చదును రోడ్డు వచ్చింది. నా నోరు ఇక ఊరుకోలేదు. ఎట్లుంది చెల్లే, ఇప్పుడన్నా నమ్ముతవా అని అడుగుదామని పక్కకు తిరిగాను. ఆమె తల వెనక చెక్కకు ఆన్చి, కొంగు ముఖం మీదికి లాక్కుని, నోరు కాస్త తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. పిలవబోయాను.

"లేపకు మిస్త్రీ" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "రెండు నెలల సంది గీ తొవ్వల కన్ను మూయలే. ఆసిఫాబాద్ దాక పండనీ."